దామెర్ల వదిలేసినవి

(ధరణికోటలో డ్రాయింగు మాస్టారి స్మారకోపన్యాసం, అచ్చు ప్రతి)



పిలుపు కాగితం మీద మాస్టారి పేరు లేదేమని పొద్దుటి నుంచి నలుగురైదుగురు అడిగారు. అచ్చుతప్పు కాదండి. ఆయనే వద్దన్నారు. "పోయినవాడి పేరు బ్యానరు మీద రాయిస్తారు. సభ అయిపోగానే ఆ గుడ్డ ఎవరో పట్టుకుపోయి మిరపకాయల కల్లంలో పరుస్తారు. నా పేరు మీద కాయలు ఆరబెట్టొద్దురా" అని బతికుండగానే చెప్పారు. కాబట్టి ఇది డ్రాయింగు మాస్టారి స్మారకోపన్యాసం, అంతే. మన ఊళ్ళో ఆ మాటంటే ఇంకొకరు గుర్తుకొచ్చే అవకాశం లేదు.

నేను చిత్రకారుణ్ణి అని చెప్పుకోను. పత్రికల్లో కథలకు బొమ్మలు వేసి బతికినవాణ్ణి. గురువారం సాయంత్రం కథ ఇచ్చి శుక్రవారం పొద్దున్నే బొమ్మ అడిగే ఉద్యోగం. అందులో కళ ఎంతుందో మీకూ తెలుసు. కానీ ఏం తీసేయాలో తెలిస్తే పని తొందరగా అవుతుందన్న సంగతి అక్కడ బాగా పనికొచ్చింది. అది నేర్పింది మాస్టారు.

ఎలా నేర్పారో చెబుతాను. ఏడో తరగతిలో ఒక శనివారం మమ్మల్ని పదిమందిని కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్ళారు. అట్ట, దానికొక క్లిప్పు, కాగితం, పెన్సిలు. "కనపడేది వెయ్యండి" అన్నారు. నేను వేశాను. రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, సూర్యుడి నుంచి గీతలు, కింద నది, నదిలో తెరచాప పడవ, పక్కన కొబ్బరిచెట్టు, పైన నాలుగు అంకె తిరగేసినట్టు పక్షులు. మాస్టారు చూశారు. "కొబ్బరిచెట్టు ఎక్కడుందిరా?" అన్నారు. లేదు. "ఆ రెండు కొండలు?" లేవు. "సూర్యుడు నీ వీపు వెనకున్నాడు కదా, ముందుకెప్పుడొచ్చాడు?" జేబులోంచి రబ్బరు తీసి చేతిలో పెట్టారు. "లేనివి తుడువు." తుడిచాను. తుడిచాక కాగితం మీద మిగిలింది అవతలి ఒడ్డు గీత ఒకటి, పడవ ఒకటి. పడవకు తెరచాప కూడా లేదు, గెడే ఉంది. తెరచాప తీసి గెడ పెట్టాను. "ఇప్పుడిది మన కృష్ణ" అన్నారు. కాగితం మసిబారిపోయింది కానీ, దాన్ని ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ "ఇదేంటి, మన రేవులా ఉందే" అంది.

క్యాలెండర్లు చూసి నేర్చుకున్న బొమ్మ చేతిలోంచి పోవాలంటే అంత పని ఉంటుంది. ఈ రోజు నేను మాట్లాడబోయే మనిషి చేసిన పనంతా ఆ రబ్బరు పనే అని నా అభిప్రాయం. ఆయన దామెర్ల రామారావు.

రామారావు పుట్టింది 1897 మార్చి 8న, రాజమండ్రిలో. పోయింది 1925 ఫిబ్రవరి 6న, మశూచితో. ఇరవై ఎనిమిది నిండటానికి ఇంకా నెల ఉంది. చదువు పూర్తయి సొంతంగా బొమ్మలు వేసిన కాలం అయిదేళ్ళే. అంత చిన్న జీవితంలో ఆయన వెళ్ళిన ఊళ్ళు చూడండి: బొంబాయి, అజంతా, ఎల్లోరా, కథియవాడ్, కలకత్తా. అప్పుడు గోదావరి మీద రైలు వంతెన ఉంది కానీ రైలు టిక్కెట్టు డబ్బులు చిత్రకారుడి దగ్గర ఉండటమే తక్కువ. అయినా తిరిగాడు. అందుకే ఆయన గురించి రాసినవాళ్ళు ఎక్కడెక్కడికి వెళ్ళాడు, ఏమేం నేర్చుకున్నాడు అని లెక్క రాస్తారు. నేను వేరే లెక్క రాద్దామనుకుంటున్నాను. వెళ్ళిన చోటి నుంచి తిరిగొచ్చాక ఏం వదిలేశాడు?

మొదట ఆయన్ని బయటికి తీసుకెళ్ళింది ఒక ఇంగ్లీషాయన. ఆస్వాల్డ్ కూల్డ్రే. 1909 నుంచి 1919 దాకా రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలు. ఇంగ్లీషు పాఠం చెప్పడం ఆయన ఉద్యోగం. నీటిరంగులతో బొమ్మలు వేయడం, కుర్రాళ్ళను వెంటేసుకుని గోదావరి గట్ల మీద తిరగడం ఆయన సరదా. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన శిష్యులు. ఆ గుంపులోనే మన రామారావు. దొర తన కుర్రాళ్ళకు అజంతా ఎల్లోరా చూపించాడు. 1916లో రామారావును బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించింది కూడా ఆయనే. అప్పుడు అక్కడ ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మనం ఉన్నది ధరణికోటలో.

రాజమండ్రి కుర్రాడు పాతకాలపు బొమ్మ చూడాలంటే అజంతా దాకా ఎందుకు పోవాలి? మన దీపాలదిన్నె, అదే అమరావతి స్తూపం, కృష్ణకు ఇవతలే ఉంది. కానీ వచ్చి చూస్తే ఇక్కడ ఏముంది? ఆ రోజుల్లో ఒక గుంట, చుట్టూ మట్టిగట్టు, విరిగిన పలకలు కొన్ని. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి వదిలి ఇక్కడ అమరావతి పట్నం కట్టించుకున్నప్పుడు ఇళ్ళకు, మెట్లకు దిన్నెలోని రాయి వాడారు. 1798లో కాలిన్ మెకంజీ దొర వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో నక్షాలు వేసేవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేసరికి మొదటిసారి చూసినదాంట్లో చాలా భాగం లేదు. ఉన్నవాటినే ఒక్కో పలకను కొలిచి, ఒక్కో పువ్వు రేకు లెక్కపెట్టి కాగితం మీదకెక్కించారు. ఆ కాగితాలు ఇప్పుడు లండనులో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మా మనవడు ఫోనులో చూపించాడు. ఆ గీతల్లో ఎక్కడా తొందర కనబడదు. ఎండలో, కొలబద్దతో, ఎవరో మద్రాసు నుంచి వచ్చిన నక్షాగాడు మన ఊరి రాతి ముందు చతికిలబడి గీసుకున్నాడు. ఊరు తిరిగి బొమ్మ వేసినవాళ్ళ చరిత్ర ధరణికోటలో మొదలయ్యేది వాళ్ళతోనే అని నాకనిపిస్తుంది. రాయి పోయాక వాళ్ళ కాగితమే సాక్ష్యం.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ రాళ్ళు మద్రాసుకు పోయి ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కి లండను చేరాయి. అక్కడా ఒక పాత భవనం గుర్రపుశాలలో పడి ఉంటే జేమ్స్ ఫెర్గూసన్ కంటబడ్డాయి. మిగిలినవి మద్రాసు మ్యూజియంలో. మ్యూజియం వాళ్ళు చీటీల మీద ఆ రాయిని పల్నాటి సున్నపురాయి అంటారు. మన ఊరు పల్నాడు జిల్లాలోకి వచ్చింది 2022లో. రాయి మాత్రం మనకన్నా దాదాపు రెండువేల ఏళ్ళు ముందే పల్నాటి నుంచి ఇక్కడికొచ్చి, ఇక్కడి నుంచి లండను దాకా వెళ్ళింది. మనం ఇంకా గుంటూరు బస్సు కోసమే నిలబడి ఉన్నాం. సరే.

అంచేత తెలుగు చిత్రకారుడికి అమరావతి కూడా ప్రయాణం చేసి చూడాల్సిన పరాయి ఊరైంది. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో చూడాలి. నేను మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు, నలగిరి ఏనుగు ఉన్న గుండ్రటి పలక ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలోకి దూసుకొస్తోంది. ఒక మనిషి కాలు తొండంలో ఉంది. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగిచూస్తున్నారు, ఒకామె భయంతో పక్కవాణ్ణి పట్టుకుంది. అదే పలకలో కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వాలి ఉంది. రెండు గడియల సంగతి ఒకే చక్రంలో. మనిషికీ మనిషికీ మధ్య చోటు లేదు, అయినా ఏ ఒక్కరూ ఇంకొకరిలా నిలబడలేదు. గుంపును వేయడం ఎంత కష్టమో పత్రికల్లో పెళ్ళి బొమ్మలు వేసినవాడికి తెలుస్తుంది. నేను పది మందిని వేయాల్సి వస్తే ముగ్గుర్ని వేసి మిగతా ఏడుగుర్నీ ఉత్త గుండ్రటి తలలుగా పెట్టేవాణ్ణి. ఇక్కడ దగ్గరదారి ఎక్కడా లేదు.

ఈ పలక చెక్కిన చేతికీ అజంతా తొమ్మిదో గుహ, పదో గుహల్లోని పాత బొమ్మలకూ చుట్టరికం ఉందని పండితులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఆ తలపాగాలు, ఆ నడుములు, ఆ నగలు ఒకే కాలపు మనుషులవి. అజంతాలో మనకు గొప్పగా తెలిసిన బొమ్మలు ఎక్కువ భాగం తర్వాతి వాకాటకుల నాటివి. మొదటివి మాత్రం శాతవాహనుల కాలానివి. అంటే రామారావు అజంతా వెళ్ళి చూసింది సగం మన ఇంటి సంగతే. బాపిరాజు గారు తర్వాత ఈ బాకీ ఇంకోరకంగా తీర్చారు: శాతవాహనుల ధాన్యకటకాన్ని పెట్టి 'హిమబిందు' నవల రాశారు. మన ధరణికోటే అది. మాస్టారు ఆ నవల ఇచ్చి "ఊరు చదువు, కథ తర్వాత చదువుకోవచ్చు" అన్నారు. నేను కథే చదివాను. ఆ వయసు అలాంటిది.

బొంబాయి సంగతి. జె.జె. స్కూల్లో ఆ కాలంలో నేర్పేది యూరపు పద్ధతి. ప్లాస్టరు విగ్రహం ముందు కూర్చోబెట్టి వెలుగునీడలు వేయించడం, నిలబడ్డ మనిషిని చూసి ఎముకలు కండరాలు సరిగ్గా పట్టించడం, తైలవర్ణాలు. రామారావు అవన్నీ నేర్చుకున్నాడు, 1920లో చదువు పూర్తిచేశాడు. ఆయన మనిషి బొమ్మల్లో భుజం ఎక్కడ తిరుగుతుందో, మోచేయి ఎక్కడ ఆగుతుందో పొరపాటు పడదు. అది బొంబాయి పెట్టిన తిండి. కానీ ఆ తర్వాత వేసిన పెద్ద బొమ్మల్లో నూనెరంగుల బరువు, ఆ నల్లటి నీడలు, ముఖం సగం చీకట్లో పెట్టడం, ఇవి లేవు. నీడ అవసరమైనంతే. అంచు గీత మాత్రం స్పష్టంగా ఉంటుంది. బొంబాయి నేర్పిన లెక్కంతా చేతిలో ఉంచుకుని, చూపు మాత్రం అక్కడే వదిలి వచ్చాడు.

చదువయ్యాక కథియవాడ్ వైపు తిరిగాడు. ఎండిన నేల, తెల్లటి ఎండ, ముదురు రంగుల బట్టలు కట్టే ఆడవాళ్ళు. గోదావరి గట్టున పుట్టినవాడికి అక్కడ దొరికేది నీళ్ళు లేని వెలుగు. మన వైపు వెలుతురు ఎప్పుడూ కాస్త తడిగా ఉంటుంది. కృష్ణ ఒడ్డున పొద్దున ఏడింటికి చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, అవతలి గట్టు అప్పుడే ఉతికి ఆరేసినట్టుంటుంది. ఎండలో రంగు ఎంత గట్టిగా నిలబడుతుందో తెలియాలంటే ఎండు నేల చూడాలి. రామారావు తర్వాత వేసిన చీరల రంగుల్లో ఆ గట్టిదనం ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన చెప్పలేదు. నేను మాత్రం ఆ ప్రయాణం ఖాతాలో రాస్తాను.

ఇక కలకత్తా. ఇక్కడే ఆయన గట్టితనం తెలుస్తుంది. 1920ల్లో దేశంలో కొత్త బొమ్మ వేయాలనుకున్న ప్రతి కుర్రాడి చూపూ బెంగాలు వైపే. అవనీంద్రనాథ్ ఠాకూరు, ఆయన శిష్యులు. వాళ్ళ వాష్ పద్ధతి తెలియనివాళ్ళకు చెబుతాను. కాగితం మీద నీటిరంగు వేస్తారు. ఆరాక కాగితాన్ని నీళ్ళలో ముంచుతారు. అంటిన రంగు ఉంటుంది, అంటనిది పోతుంది. మళ్ళీ రంగు, మళ్ళీ ముంచడం. జపాను నుంచి కలకత్తా వచ్చిన చిత్రకారుల దగ్గర చూసి అవనీంద్రులు దీన్ని తనదిగా మార్చుకున్నారు. అన్నిసార్లు ముంచాక బొమ్మంతా పొగమంచులో ఉన్నట్టవుతుంది. అందంగా ఉంటుంది, ఒప్పుకోవాలి. కానీ ఆ పొగమంచు దేశమంతా పాకింది. మండే ఎండలో నిలబడ్డ మనిషిని కూడా మంచులో నిలబెట్టారు. మన బందరులో జాతీయ కళాశాలకు బెంగాలు నుంచి ప్రమోదకుమార ఛటర్జీ గారు వచ్చి నేర్పారు. హిమాలయాలు తిరిగి వచ్చిన మనిషి ఆయన. ఆయన శిష్యుల్లో గొప్పవాళ్ళు వచ్చారు. అది వేరే పాయ.

రామారావు కలకత్తాలో బహుమతి తెచ్చుకున్నాడు. 1922లో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ ప్రదర్శనలో ఆయన 'ఋష్యశృంగ బంధనం'కు మొదటి బహుమతి వచ్చింది. ఆ సొసైటీ ఎవరిది? బెంగాలు వాళ్ళదే. వాళ్ళ ఇంట్లో వాళ్ళ పద్ధతి కాని బొమ్మకు వాళ్ళు బహుమతి ఇచ్చారు. వాళ్ళ పెద్దమనసూ ఒప్పుకోవాలి. వైస్రాయి లార్డ్ రీడింగ్ 'తూర్పు కనుమల్లో గోదావరి' అనే బొమ్మ కొనుక్కున్నాడు. కొండల మధ్య గోదావరి. ఆ బహుమతి జేబులో పెట్టుకుని, బెంగాలు పొగమంచును అక్కడే వదిలేసి రాజమండ్రికి వచ్చాడు. ఇరవై అయిదేళ్ళ కుర్రాడు, దేశమంతా మెచ్చుతున్న పద్ధతిని వద్దనుకోవడం చిన్న సంగతి కాదు. మెచ్చనివాళ్ళను కాదనడం ఎవరైనా చేస్తారు.

ఆ గోదావరి బొమ్మ గురించి ఇంకో మాట. ప్రకృతి దృశ్యం వేసే చిత్రకారులు మామూలుగా దూరం వెళ్ళి కొత్త కొండలు, కొత్త చెట్లు వేసుకొస్తారు. రామారావు దూరాలు తిరిగినా పెద్ద ప్రదర్శనలో పెట్టి నిలబెట్టుకున్న ప్రకృతి దృశ్యం తన నదిదే. అది కొన్నవాడి వెంట పోయింది. మన రాళ్ళు పోయిన దారే అది కూడా. నదిని కొనుక్కుపోయేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, మళ్ళీ వేయగల చేయి ఉంటే ఫర్వాలేదు.

నేను 'సిద్ధార్థ రాగోదయం' చూసిన రోజు చెప్పాలి. మాస్టారు మమ్మల్ని అయిదుగుర్ని రాజమండ్రి తీసుకెళ్ళారు. టిక్కెట్లకు ఆయన సైకిలు అమ్మారని తర్వాతెప్పుడో తెలిసింది. తెల్లవారుజామున గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే అందరం కిటికీల్లోంచి పైసలు వేశాం. మాస్టారు వేయలేదు, మిగతా డబ్బులు లెక్కపెట్టుకుంటున్నారు. దామెర్ల రామారావు గ్యాలరీలోకి వెళ్ళగానే ఎవరూ మాట్లాడలేదు. పిల్లలు నిశ్శబ్దంగా ఉండటం మాస్టారు కూడా అదే మొదటిసారి చూసి ఉంటారు.

కథ తెలిసిందే. యువరాజు రాజ్యంలోని కన్యలందరికీ కానుకలు పంచుతాడు, చివరగా యశోధర వస్తుంది, అక్కడ ఆయన మనసు ఆగిపోతుంది. ఎంతమంది ఆడవాళ్ళు! నేను ఆ బొమ్మలో వెతికింది యశోధరను కాదు. పక్కన నిలబడ్డవాళ్ళను. ఒక్కొక్కరి నిలబడ్డ తీరు వేరు, మెడ తిప్పిన తీరు వేరు. నగలు ఉన్నాయి కానీ నగల కోసం మనిషి లేదు. వాళ్ళు మన ఆడవాళ్ళు. మా పెద్దమ్మ పెరట్లో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డట్టే ఒకామె నిలబడి ఉంది. నవ్వొచ్చింది నాకు. మాస్టారు చూసి "ఏంట్రా?" అన్నారు. "మా పెద్దమ్మండి" అన్నాను. "ఊఁ" అన్నారు. ఆయన "ఊఁ" అంటే ఒప్పుకున్నట్టు.

చాలా ఏళ్ళ తర్వాత ఎగ్మూరులో నలగిరి పలక ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ బొమ్మే గుర్తొచ్చింది. రామారావు ఈ పలక చూసి వేశాడని నేను అనడం లేదు. కానీ గుంపును గుంపుగానే ఉంచుతూ ఏ ఒక్కరినీ వదులుకోకపోవడం, కొండమీది గుహల్లోనైనా సరే, మన దీపాలదిన్నె రాతి మీదైనా సరే, ఆ పాతవాళ్ళ దగ్గర నేర్చుకోవలసిన పని. ఆయన దాన్ని నేర్చుకున్నాడు. అజంతా నుంచి అది మాత్రం వదలకుండా తెచ్చుకున్నాడు. రంగుల పొడి, రాలిపోయిన గోడ, పాతబడ్డ అందం, ఇవి తెచ్చుకోలేదు. అజంతా వెళ్ళొచ్చినవాళ్ళు చాలామంది ఆ రాలిపోవడాన్నే బొమ్మలోకి తెచ్చుకుని అదే ప్రాచీనత అనుకున్నారు. అజంతా గోడలు వేసిననాడు కొత్తవే కదా.

1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. స్నేహితుడు వరదా వెంకటరత్నం తోడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. ఒక ఇంట్లో ముగ్గురు. 1924లో లండనులో వెంబ్లీ ప్రదర్శనకు ఆయన 'పుష్పాలంకరణ' వెళ్ళింది. జడలో పూలు తురుముకునే పని లండనులో ప్రదర్శనకు వెళ్ళిందన్నమాట. ఆ మరుసటి సంవత్సరం మొదట్లో మశూచి వచ్చింది. అంతే. తర్వాత కళాశాలను వెంకటరత్నం గారు చూసుకున్నారు, 1963లో పోయేదాకా. తన పేరు కన్నా స్నేహితుడి పేరు నిలబెట్టడానికి ఒక చిత్రకారుడు ముప్పై ఎనిమిదేళ్ళు పెట్టడం గురించి ఎవరైనా వేరే ఉపన్యాసం ఇవ్వాలి. నేనివ్వలేను, గొంతు పట్టుకుంటుంది.

అయిదేళ్ళలో ఆయన బొమ్మ మారిన తీరు చూస్తే చిత్రమైన సంగతొకటి కనిపిస్తుంది. ప్రయాణాలు పెరిగినకొద్దీ బొమ్మలో వస్తువులు పెరగాలి. మనం తిరుపతి వెళ్ళొస్తేనే ఇంటినిండా సామాను. ఆయనవి తగ్గుతూ వచ్చాయి. నేను మాస్టారి రబ్బరు మాట ఎందుకు తెచ్చానో ఇప్పుడు మీకర్థమై ఉంటుంది. ఇంకో పదేళ్ళు బతికుంటే ఎక్కడిదాకా తుడిచేవాడో అని నేను అప్పుడప్పుడూ అనుకుంటాను. కానీ పోయినవాళ్ళ చేత మన బొమ్మలు వేయించకూడదు.

దీనికి ఎదురుగా ఇంకొక ప్రయాణికుడున్నాడు. దగ్గరివాడే, దుగ్గిరాల పక్క తుమ్మపూడి. సంజీవదేవ్ గారు. 1914లో పుట్టారు, 1999లో పోయారు. కుర్రతనంలో ఇల్లు విడిచి హిమాలయాల్లో తిరిగారు. కులూ లోయలో రష్యా చిత్రకారుడు నికోలస్ రోరిక్ దగ్గర ఉన్నారు. తర్వాత తుమ్మపూడి వచ్చి స్థిరపడి వ్యాసాలు రాశారు, వేలకొద్దీ ఉత్తరాలు రాశారు, మధ్యమధ్య బొమ్మలు వేశారు. ఏం బొమ్మలు? మంచుకొండలు. తుమ్మపూడిలో చుట్టూ ఎటు చూసినా వరి, అరటి, చదునైన నేల, ఆకాశం. ఆ చదును నేల మీద కూర్చుని ఆయన దశాబ్దాల తరబడి కొండలు వేశారు. రామారావు వదిలేసి వచ్చిన మనిషి. సంజీవదేవ్ వదల్లేక తెచ్చుకున్న మనిషి. మాస్టారు ఈ ఇద్దర్లో ఎవరి పక్షమో మీరు ఊహించుకోవచ్చు. నేను అంత గట్టిగా చెప్పలేను. తుమ్మపూడి అరటితోట మధ్య ఒక మనిషి కళ్ళు మూసుకుంటే కొండ కనబడటం కూడా ఒక బతుకే. ఆయనకు అక్కడ లేనిది వెయ్యొద్దని రబ్బరు ఇచ్చే ధైర్యం నాకు లేదు. మాస్టారికుండేది, బహుశా.

మన ఊరి సంగతికి వద్దాం. 1962 నుంచి మూడేళ్ళపాటు పురావస్తు శాఖ వాళ్ళు ఇక్కడి మట్టికోటలో తవ్వారు. నది నుంచి లోపలికొచ్చిన పడవకాలువ, ఇటుకతో కట్టిన రేవు బయటపడ్డాయి. అంటే ఈ ఊరికి పడవలొచ్చేవి, పడవల మీద మనుషులొచ్చేవాళ్ళు, మనుషులతో బొమ్మలు వచ్చేవి, వెళ్ళేవి. ప్రయాణం మనకు కొత్త కాదు. ఇప్పుడు మన పిల్లలకు బొమ్మ అంటే ఫోను. ఫోనులో స్విట్జర్లాండు కొండలు ఉన్నాయి, రెండు కొండల మధ్య సూర్యుడూ ఉన్నాడు. నా ఏడో తరగతి బొమ్మ మళ్ళీ వచ్చేసింది, రంగుల్లో.

పోయిన ఏడాది ఒకచోట, పేరు చెప్పను, పిల్లల చిత్రలేఖనం పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. అంశం 'మా ఊరి నది'. నూట ముప్పై బొమ్మలు. నూట పదహారింటిలో కొబ్బరిచెట్టు. పద్నాలుగు బొమ్మలు పక్కన పెట్టుకుని చూశాను. ఒకదాంట్లో నది లేదు. ఇసుక, ఇసుకలో లారీ చక్రాల గాడి, దూరంగా సన్నటి నీళ్ళ గీత. ఆ అమ్మాయికి మొదటి బహుమతి రాశాను. నిర్వాహకులు మార్చారు. "నది కనబడటం లేదండీ" అన్నారు. మాస్టారుండి ఉంటే ఏమనేవారో ఇక్కడ చెప్పేది కాదు.

మాస్టారి ఇంటివాళ్ళు ఈ మధ్య ఆయన పెట్టె నాకిచ్చారు. రేకుపెట్టె. లోపల క్లిప్పుల అట్టలు మూడు, అరిగిన హెచ్‌బి పెన్సిళ్ళు, గట్టిపడిపోయిన నీటిరంగు బిళ్ళలు, గుడ్డలో మూటగట్టిన రబ్బరు ముక్కలు. లెక్కపెట్టాను, నలభై ఒకటి. మా తరగతి పిల్లల దగ్గర లాక్కున్నవీ, ఇచ్చి మళ్ళీ తీసుకున్నవీ అయి ఉంటాయి. కొన్నింటి మీద బ్లేడుతో గీసిన పేర్లున్నాయి. నా పేరున్నది కూడా దొరికింది.

వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు రేవు దగ్గర ఉంటాను. ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లలందరికీ చెబుతున్నాను, అమ్మానాన్నలకు కాదు. కాగితాలు, అట్టలు నేను తెస్తాను. పెన్సిలు మీది. రబ్బరు మాత్రం కొనొద్దు, నా దగ్గర నలభై ఒకటి ఉన్నాయి.